మార్పేమీ లేదు

జూన్ 10, 2025, మంగళవారం

ఈ ఖాళీ నోటుపుస్తకం ఏదో సదస్సులో ఇచ్చినది. మూడేళ్ళుగా బీరువాలో పడి ఉంది. ఇవాళ తీశాను. ఈ సంగతి ఎవరితోనూ అనలేను, అనకుండా ఉండనూ లేను. ఇది ఎవరూ చదవరు కనుక రాయవచ్చు.

పొద్దున్న ఆఫీసులో కొత్త శాంపిళ్ళ జాబితా తెరిచాను. పద్నాలుగో నంబరు: బాబు, నితీష్, ఐదు నెలలు. మెడ నిలబడటం లేదు. నాలుగో నెల నుంచి నవ్వు తగ్గింది. తల్లి స్వాతి, తండ్రి దినేష్, మియాపూర్. సొంత మేనమామకే ఇచ్చి చేశారు. కింద పిల్లల డాక్టరు చేతిరాత: ‘మొదటి పాప ఇవే లక్షణాలతో రెండేళ్ళకు పోయింది. పాత రిపోర్టు మీ ల్యాబ్‌దే.’

పాత రిపోర్టు తీశాను. 2023 మార్చి. పాప పేరు జోషిత. సంతకం నాది.

మణికొండలో మా పక్క ఫ్లాటు అనసూయమ్మ గారు నన్ను డాక్టరమ్మా అని పిలుస్తుంది, జలుబుకు మందు అడుగుతుంది. ఆ డాక్టర్ని కాదండీ అని మొదట్లో చెప్పేదాన్ని. “మరేం చేస్తావమ్మా నానక్‌రామ్‌గూడలో?” అంటే, జబ్బుపడ్డ పిల్లల జన్యువుల్లో అక్షరదోషం వెతుకుతానండీ అన్నాను. “ప్రూఫులు దిద్దినట్టా?” అంది. దాదాపు అంతే. కాకపోతే దిద్దడం ఉండదు. దొరికిన దోషానికి ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేస్తాం. ఒకటంటే దానివల్ల ఏమీ కాదు. ఐదంటే జబ్బు దానివల్లే. మూడంటే తెలియదు. పదహారేళ్ళుగా ఈ అంకెలు వేస్తున్నాను.

జోషితకు మూడు వేశాను.

మూడు వేస్తే, ఆ తల్లి మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు లోపలి బిడ్డకు పరీక్ష చేయడం కుదరదు. ఏ దోషం కోసం వెతకాలో తేలనప్పుడు ఏం వెతుకుతారు? ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ రోజుకు ఆ దోషం జబ్బుపడ్డ ఇంకో బిడ్డలో కనబడినట్టు ఎక్కడా లేదు. ఒక్క పాపను చూసి ఐదు వేయకూడదు. వేశాక అది తప్పని తేలితే, అప్పటికే ఎవరో ఆరోగ్యంగా ఉన్న బిడ్డను కడుపులోనే తీయించుకుని ఉంటారు.

ఆ రిపోర్టు సరైనదే.

జూన్ 11

మళ్ళీ చదివాను. వాక్యం వాక్యం చదివాను. సరైనదే.

జూన్ 19, గురువారం

నితీష్ ఫలితం వచ్చింది. అదే జన్యువు, అదే చోటు, అదే అక్షరం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండు ప్రతుల్లోనూ దోషమే కనుక సరిగా ఉన్న ప్రతి వాడికి ఒక్కటీ లేదు.

వాడి మెదడులో నరాలు ఒకటొకటిగా ఎండిపోతాయి. మందు లేదు. అక్క వెళ్ళిన దారే.

ఈ రెండేళ్ళలో ఆధారాలు బాగా పోగయ్యాయి. ఇదే దోషంతో జబ్బుపడ్డ పిల్లలు ఇంకో ముగ్గురు కనబడుతున్నారు. ఒకరు ఇరాన్, ఒకరు తమిళనాడు. మూడో బాబుది మా ల్యాబే. ఆ వివరాలు తర్వాత చూడాలి.

ఇప్పుడైతే ఎవరైనా ఐదే వేస్తారు. అప్పుడైతే ఎవరైనా మూడే వేసేవారు.

జూన్ 20

సరిత మా కౌన్సెలరు. రిపోర్టు రాయడం వరకే నా పని. దాన్ని తల్లిదండ్రులకు ఎదురుగా కూర్చుని చెప్పేది ఆమె. వరంగల్ అమ్మాయి. ఎనిమిదేళ్ళుగా ఇలాంటి వార్తలు చెబుతూ కూడా ఇంకా మనుషుల మొహాలు మరిచిపోనిది.

“ఆ మియాపూర్ వాళ్ళా మేడం? మళ్ళా అదేనా?” అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఆమె యాదుంది నాకు. సాఫ్ట్‌వేర్ టెస్టరు. నీలం ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూసుంటది. ప్రతి మాటకు తారీఖు ఏసి రాసుకుంటది. పోయినేడు ఫోన్ చేసింది గదా.”

“ఎప్పుడు?”

“మే నెలల. మళ్ళీ కడుపుతోటున్న, ఏడో వారం నడుస్తుంది, పాప రిపోర్టుల ఏమన్న మారిందా అని అడిగింది. నేను మీకు మెయిల్ పెట్టిన. మార్పేమీ లేదని మీరు జవాబిచ్చిన్రు. నేను అదే చెప్పిన.”

నాకు గుర్తు లేదు. ఆ మాటే అన్నాను.

ఆమె వెళ్ళాక వెతికాను. 2024 మే 14. ఆమె మెయిలు పదకొండూ ఇరవైకి. నా జవాబు పదకొండూ ముప్ఫై ఒకటికి. రెండే ముక్కలు. మార్పేమీ లేదు.

పదకొండు నిమిషాలు. పదకొండు నిమిషాల్లో అన్ని జాబితాలూ చూడవచ్చు. నాకు అలవాటైన పని. చూసే ఉంటాను.

జూన్ 21

చూసే ఉంటాను.

జూన్ 23, సోమవారం

మా ల్యాబ్‌లోని ఆ మూడో బాబు కేసు తెరిచాను. నాలుగు రోజుల నుంచి తెరవలేదు. ఎందుకు తెరవలేదో నాకు తెలుసు.

అనంతపురం బాబు. రిపోర్టు రాసింది భార్గవి. అప్పట్లో నా పక్క సీటే, ఇప్పుడు పుణెలో ఉంది. తేదీ 2024 ఫిబ్రవరి 9. ఆ రోజు తను నాకు పంపిన సందేశం ఇంకా ఉంది: ‘ప్రవీణా, మీ మియాపూర్ పాపలో ఉన్న మార్పే నాకు ఇంకో బాబులో దొరికింది. అవే లక్షణాలు. వాళ్ళకీ వీళ్ళకీ చుట్టరికం లేదు. మీది మళ్ళీ తెరవాలేమో చూడు.’ దాని కింద నా జవాబు: ‘వచ్చే వారం చూద్దాం.’ పక్కన బొటనవేలి బొమ్మ.

ఆ వారం కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. తొంభై రిపోర్టులు ఆగిపోయాయి. రిపోర్టులు రాసే ముగ్గురం రోజూ మధ్యాహ్నం తిండి కూడా సీట్లోనే తిన్నాం. ఇవన్నీ నిజమే. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో కూడా తెలుసు.

2023 మార్చిలో నా రిపోర్టు సరైనదే. 2024 మేలో నేను రాసిన రెండు ముక్కలు సరైనవి కావు. నేను చూడలేదు. చూసి ఉంటే కనబడేది. మూడు నెలల ముందే నాకు చెప్పారు కూడా.

జూన్ 24

ఉదయ్ భాస్కర్ గారికి చెప్పాను. ల్యాబ్ డైరెక్టరు. నన్ను ఈ ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. చెబుతున్నంతసేపూ అడ్డు రాలేదు. తర్వాత అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“ప్రవీణ గారూ, ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“ఫిబ్రవరి మాట భార్గవికి. మే మాట సరితకు. రెండూ కలిపి తెలిసింది నాకే.”

“సవరించిన రిపోర్టు ఇవ్వండి. ఐదు వేయండి. ‘కొత్తగా లభ్యమైన ఆధారాల మేరకు’ అని రాయండి. అందరికీ రాసేదే కదండీ అది.”

“ఎప్పటి నుంచి లభ్యమో అడిగితే?”

“రిపోర్టులో తేదీ రాసే పద్ధతి మనకు లేదు.” తర్వాత మెల్లగా అన్నాడు: “నెలకు ఆరు వందల కుటుంబాలు వస్తున్నాయి మన దగ్గరికి. ఇది బయటికి వెళితే ఆ ఆరు వందల మంది ఎక్కడికి వెళతారు? మీరు చెప్పినంత మాత్రాన ఆ బాబు బాగుపడడు కదా.”

బాగుపడడు. ఆ మాట నిజం. 

సాయంత్రం ఐదింటికి రాశాను. కొత్తగా లభ్యమైన ఆధారాల మేరకు. సంతకం పెట్టాను.

జూన్ 27

వాళ్ళు వచ్చి వెళ్ళారు.

జూన్ 29, ఆదివారం

మొన్న రాయలేకపోయాను.

నేను మామూలుగా కుటుంబాలను కలవను. ఆ రోజు సరిత గదిలో ఒక మూల కూర్చున్నాను. నలుగురు వచ్చారు. ప్రొద్దుటూరు మనుషులు. దినేష్ మియాపూర్‌లో ఫ్లాట్లు అమ్మే ఆఫీసులో పనిచేస్తాడు. స్వాతి ఒళ్ళో నీలం ఫైలు ఉంది. బాబు ముసలామె చేతుల్లో ఉన్నాడు. ఆమె పేరు భూలక్ష్మి. దినేష్‌కు తల్లి, స్వాతికి అమ్మమ్మ. బాబు తల ఆమె మోచేతి మీద నుంచి జారిపోతూ ఉంటే, చూడకుండానే మాటిమాటికీ సర్దుతోంది.

సరిత అంతా చెప్పింది. జబ్బు పేరు, అది ఎలా వస్తుందో, ఇక ముందు ఏమవుతుందో. తొందరపడకుండా, ఏదీ దాచకుండా చెప్పింది. తనకు తెలిసినంత వరకు.

దినేష్ నా వైపు తిరిగి చేతులు జోడించాడు. “మా పాప జబ్బు పేరు గూడా తెలీకుండానే పోయింది మేడం. ఇప్పుడు పేరన్నా తెలిసింది. మీరు వదలకుండా వెతికినారు. శానా థ్యాంక్స్ మేడం.”

నేను తల ఊపాను. ఊపాను.

స్వాతి ఫైలు తెరిచింది. “పోయిన సంవత్సరం మే పద్నాలుగో తారీఖు నేను ఫోన్ చేసినాను. మార్పు లేదన్నారు. ఇప్పుడు మారిందంటున్నారు. ఎప్పుడు మారింది?”

సరిత నా వైపు చూసింది.

“ఈమధ్యే అమ్మా” అన్నాను.

“ఈమధ్య అంటే ఏ నెల మేడం?”

“ఇవి ఒక్క రోజులో మారేవి కావు. ఆధారాలు మెల్లగా పోగవుతాయి.”

ఆమె దాన్ని కూడా తేదీ వేసి రాసుకుంది.

అప్పుడు ముసలామె మాట్లాడింది. ఎవరితోనో తెలియదు, బాబును చూస్తూనే అంది. “నేను జేసిన పెండ్లి ఇది. కూతురి బిడ్డ, కండ్ల ముందర ఉంటాదని కొడుక్కి జేసుకుంటి. దాని అమ్మ వద్దనే అనె. నేనే ఇనకపోతి. రెండు పానాలు నా చేతులతోనే తీస్తి.”

ఆ గదిలో అందరూ పెద్దవాళ్ళమే. చదువుకున్నవాళ్ళమే. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సరిత మాత్రం లేచి ఆమె పక్కన కూర్చుని, “దగ్గరి సంబంధాలు అందరిండ్లల్ల ఉన్నయి అమ్మా, అందరికీ గిట్ల కాదు” అంది. ముసలామె వినలేదు.

వాళ్ళు వెళ్ళాక లిఫ్టు దగ్గర సరిత అడిగింది. “ఈమధ్యే అంటే ఎప్పుడు మేడం?”

“రిపోర్టులో ఉంది కదా.”

“రిపోర్టుల తారీఖు లేదు” అంది. లిఫ్టు వచ్చింది. తను ఎక్కలేదు, మెట్ల మీదుగా వెళ్ళింది.

జూలై 8

ఇవాళ నాలుగే రిపోర్టులు. ఒక్కోటి మూడుసార్లు చూశాను. ఎందుకింత ఆలస్యం అని పైనుంచి మెయిలు.

జూలై 15

మూడు వేసి వదిలేసిన పాత రిపోర్టులన్నీ బయటికి తీశాను. ఐదేళ్ళవి. ఆరు వందల నలభై ఉన్నాయి. రోజుకు పది పదిహేను చొప్పున భోజనాల వేళ చూస్తున్నాను. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఇలా చేస్తే మనసు కుదుటపడుతుందని అనుకున్నాను. అనుకోలేదు అని రాస్తే అబద్ధం.

ఆగస్టు 2, శనివారం

రెండు వందల పన్నెండు చూశాను. తొమ్మిదింటికి అంకె మార్చాలి. అందులో నంద్యాల ఆవిడ ఒకామె, నేను చూసేసరికి మళ్ళీ కడుపుతో ఉంది, పదో వారం. సరిత వెంటనే పిలిపించింది. పదకొండో వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి చూశారు. బిడ్డకు జబ్బు ఉంది. నిన్న తీయించుకున్నారు.

ఆమె భర్త ఫోన్ చేసి సరితను నోటికొచ్చినట్టు తిట్టాడట. రెండేళ్ళ కిందటే ఎందుకు చెప్పలేదని. సమయానికి చెప్పడం అంటే ఇదే. ఎవరూ సంతోషించరు.

ఆగస్టు 19, మంగళవారం

సరిత నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. 

“మియాపూర్ ముసలామెను దవాఖానల ఏసిన్రట. పదిహేను దినాల సంది అన్నం ముడ్తలేదు. స్వాతి వాళ్ళమ్మ ఊరి నుంచి వచ్చి, నీ వల్లనే నా బిడ్డ బతుకు నాశనమైందని అందరి ముందట తిట్టి పోయిందట. అప్పటి సంది గిదే. నేను జేసిన, నేనే పోత అంటదట.”

నేను తెర వైపు చూస్తున్నాను.

“భార్గవి మేడంకు ఫోన్ చేసిన” అంది సరిత. “ఫిబ్రవరి సంగతి చెప్పింది.”

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

“రిపోర్టు మీది మేడం. కానీ నోరు నాది. ఆమెకు ఫోన్ల మార్పు లేదని చెప్పింది నేను. మొన్న గదిల కూసోబెట్టి చెప్పింది నేను. నేను చెప్పేది అబద్ధమైతే ఇగ నేనేం పని చేస్తున్న ఈడ? మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?”

“నేనే చెబుతాను.”

“ఎప్పుడు?”

“రేపు.”

ఆగస్టు 20

వర్షం. బయోడైవర్సిటీ కూడలి దగ్గర రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి. వెళ్ళలేదు.

ఆగస్టు 21

వర్షం.

ఆగస్టు 22

వర్షం లేదు. వెళ్ళలేదు.

ఆగస్టు 24, ఆదివారం

వెళ్ళాను. 

క్యాబ్‌లో అయితే ముప్పావు గంట. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి వెళ్ళాను, ఎక్కువసేపు పడుతుందని. మియాపూర్ చివరి స్టేషను కనుక అక్కడ దిగక తప్పలేదు.

బస్సు డిపో వెనక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. తలుపు తీసింది దినేష్. “మేడం, మీరా! చెప్పుంటే నేనే వచ్చేవాణ్ణి కదా. రండి రండి” అని కుర్చీ తుడిచాడు. మంచినీళ్ళకు లోపలికి వెళ్ళాడు. స్వాతి కింద చాప మీద కూర్చుని బాబుకు చెంచాతో ఏదో పట్టిస్తోంది. గోడవారన మంచం మీద భూలక్ష్మి. చేతి మీద సెలైను ఎక్కించిన చోట నల్లగా కమిలింది.

నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

“స్వాతీ, మీరు మే పద్నాలుగున ఫోన్ చేసేసరికే ఆధారం ఉంది. అంతకు మూడు నెలల ముందే మా ల్యాబ్‌లోనే ఇంకో బాబులో అదే దోషం కనబడింది. నాకు చెప్పారు కూడా. నేను చూడలేదు. మీరు అడిగిన రోజూ చూడలేదు. చూడకుండానే మార్పేమీ లేదని రాశాను. జూన్‌లో మీరు అడిగితే ఈమధ్యే మారిందన్నాను. అది అబద్ధం.”

దినేష్ నీళ్ళ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు. స్వాతి తల ఎత్తలేదు. చెంచాలో మిగిలింది బాబుకు పెట్టి, మూతి తుడిచింది.

“ఆ రోజుకు నాకు ఏడో వారం” అంది.

“అవును.”

“మీరు చూసి ఉంటే?”

“పదకొండో వారంలో పరీక్ష చేసేవాళ్ళు. తెలిసేది.”

“తెలిసి ఉంటే మేము తీయించుకుని ఉంటిమి.”

నేను బాబు వైపు చూశాను.

“చెప్పండి మేడం. వీడు ఉండేవాడు కాదు. అంతే కదా మీరు చెప్పొచ్చేది?”

“అంతే.”

ఆమె బాబు చెవి మీద చెయ్యి కప్పింది. “వాడి ముందర ఆ మాట అనొద్దు” అంది.

వాడు చెయ్యి కింద నుంచి పైకప్పు వైపు చూస్తున్నాడు. జోషిత ఫోటో గోడకు ఉంది. నేను అంకె వేసిన పాప మొహం నేను చూడటం అదే మొదటిసారి. రెండు పిలకలు. పెద్ద నుదురు.

“థ్యాంక్స్ చెప్పినానే మీకు” అన్నాడు దినేష్. “చేతులెత్తి మొక్కితినే. మీరు తల గూడా ఊపినారు.”

మంచం దగ్గరికి వెళ్ళాను. వంగి, “అమ్మా, ఇది మీవల్ల కాదు. రెండోసారి జరగకుండా ఆపగలిగింది నేను. ఆపలేదు. మీరు అన్నం మానొద్దు” అన్నాను. 

ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. 

“పెండ్లి జేసింది నువ్వా?”

“కాదు.”

“మల్ల? నాది నాకుండనీ. నీది నువ్వు మోసుకోని పో.”

“పోండి మేడం” అంది స్వాతి. అప్పటికీ నా వైపు చూడలేదు.

చెప్పేస్తే తేలికవుతుందని ఎవరో అంటారు. ఎవరంటారో తెలియదు. కాలేదు.

ఆగస్టు 26

పదింటికి దినేష్ ల్యాబ్‌కు వచ్చాడు. రిసెప్షన్‌లో కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. “నోటితో చెప్పినారు కదా మేడం. అదే కాయితం మీద రాసియ్యండి. తారీఖులతో.”

ఉదయ్ భాస్కర్ గారు వెంటనే బయటికి వచ్చాడు. “అలాగే సార్, తప్పకుండా. ఒక్క రోజు టైమివ్వండి, మా వాళ్ళతో మాట్లాడి” అంటుంటే, నేను అక్కడి బల్ల మీదే కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. ఆయన నా పక్కకు వచ్చి చెవి దగ్గర అన్నాడు, “ప్రవీణ గారూ, పదహారేళ్ళు. ఆలోచించుకోండి.” బెదిరించినట్టు లేదు. బతిమాలినట్టు ఉంది.

ఒక పేజీ అయింది. మూడు తేదీలు. దినేష్ నిలబడే చదివాడు. ఒక చోట వేలు పెట్టాడు.

“ఇక్కడ ‘పొరపాటున చూడలేదు’ అని రాసినారు. చూడలేదు అంటే చాలు. పొరపాటా కాదా అనేది మీరు చెప్పేది కాదు.”

చించేసి మళ్ళీ రాశాను. పొరపాటున అన్న మాట లేకుండా చదివితే వేరేగా ఉంది. అదే సరైనదిగా ఉంది.

ఆగస్టు 27

రావద్దన్నారు.

సెప్టెంబర్ 11

విచారణ జరుగుతుందట. అప్పటిదాకా ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టకూడదు. అనసూయమ్మ గారు తలుపు కొట్టి, “ఒంట్లో బాగాలేదా డాక్టరమ్మా, ఇంట్లోనే ఉంటున్నావు?” అంది. సెలవన్నాను. 

తర్వాత లేచి వెళ్ళి, సెలవు కాదండీ, తప్పు చేశాను, ఆపేశారు అని చెప్పాను. ఆవిడ కాసేపు చూసి, లోపలికి రమ్మంది. పులిహోర పెట్టింది. ఏం తప్పని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

సెప్టెంబర్ 30

సరిత ఫోన్. ముసలామె గంజి తాగుతోందట. ఎవరో చెప్పినందుకు కాదు, బాబును ఎత్తుకోవడానికి చేతుల్లో సత్తువ చాలడం లేదని. 

మిగిలిన నాలుగు వందల ఇరవై ఎనిమిది పాత రిపోర్టులు చూడటానికి ఉదయ్ భాస్కర్ గారు ఇద్దరిని పెట్టాడట. “మంచితనమో, వకీలు చెప్పిండో తెల్వదు మేడం. చూస్తున్నరు, గంతే చాలు” అంది. తన సంగతి అడిగితే, “నేను చెప్పే ముందట ఇప్పుడు ప్రతి తారీఖు అడుగుతున్న. అందరికీ పరేషానే” అంది. నవ్వలేదు.

అక్టోబర్ 17

ఏమీ లేదు.

నవంబర్ 16, ఆదివారం

మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్. “నేను స్వాతిని” అంది. 

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకో.

“వాడు నన్ను చూస్తున్నాడా మేడం? మొహం దగ్గర పెట్టినా కళ్ళు తిప్పడం లేదు. డాక్టరును అడిగితే చూద్దాం, చూద్దాం అంటాడు. మా మామ చూస్తున్నాడులే అంటాడు.” భర్తను ఇంకా మామ అనే పిలుస్తుంది.

“కిటికీ వెలుగు వైపు తిరుగుతున్నాడా?”

“నాలుగు రోజుల నుంచి లేదు.”

“టార్చి వేస్తే రెప్ప వేస్తున్నాడా?”

“లేదు.”

కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళమ్మా అనవచ్చు. అది తప్పు కూడా కాదు. ఆ మాట నోటి దాకా వచ్చింది.

“చూపు పోయి ఉంటుంది స్వాతీ. ఈ జబ్బులో సుమారు ఈ వయసులోనే పోతుంది. తిరిగి రాదు.”

అవతల డిపోలో బస్సు వెనక్కి వస్తున్న కూత వినబడింది.

“చెవులు?”

“వినబడుతుంది.”

“ఎంతకాలం?”

“నాకు తెలియదు. కొందరికి చివరిదాకా.”

“నేనని తెలుస్తుందా వాడికి?”

“అదీ నాకు తెలియదు.”

ఆమె రాసుకుంటోందని అర్థమైంది. కాగితం చప్పుడు. తర్వాత అంది: “మళ్ళీ చేస్తాను. మీ మీద కోపం పోయి కాదు. కేసు వేస్తున్నాము, వకీలును గూడా మాట్లాడినాము. అది వేరే. అందరూ నన్ను బాధపెట్టకూడదని ఏదో ఒకటి చెప్తున్నారు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి నాకు ఒకరు కావాల. మీరు నాతో ఇంకోసారి అబద్ధం చెప్పలేరు.”

పెట్టేసింది.

నవంబర్ 29, శనివారం

ఫోన్ వచ్చింది. పాలు మింగలేకపోతున్నాడట. ముక్కులోంచి గొట్టం వేయాలంటున్నారట. నొప్పి ఉంటుందా అని అడిగింది. వేసేటప్పుడు ఉంటుంది, తర్వాత తగ్గుతుంది, కానీ కొన్నాళ్ళకు మార్చాల్సి వచ్చినప్పుడల్లా మళ్ళీ ఉంటుంది అని చెప్పాను.

మధ్యలో వాడు ఏడ్చాడు. ఆమె ఫోను పక్కన పెట్టి వాడి దగ్గరికి వెళ్ళింది, కాల్ ఆపడం మరిచిపోయింది. మాట్లాడుతోంది వాడితో. ఇవాళ బీరకాయ కూర, చేదొచ్చింది, అవ్వ తిట్టింది, కింద వాళ్ళు కుక్కను తెచ్చుకున్నారు, తెల్లది, దాని పేరు ఇంకా పెట్టలేదు. ఏడుపు తగ్గింది. ఆమె ఆగలేదు, చెబుతూనే ఉంది.

కాసేపు విన్నాను. అది నేను వినాల్సింది కాదు. పెట్టేశాను.